భువనగిరి బండ ఎలా మిగిలింది?

పిల్లలూ! మీర్‌పేట్ పరిసరాల్లో ఇంకా అక్కడక్కడా పెద్ద పెద్ద గుండ్లు కనిపిస్తాయి. ఎవరో ఒకదానిపై ఒకటి పేర్చినట్టుంటాయి. కాని వాటిని ఎవరూ పేర్చలేదు! ఆ సంగతి తెలియాలంటే ఇక్కడికి ఈశాన్యంగా వున్న భువనగిరిని చూడాలి. అక్కడ చదునైన నేల మీద, సుమారు 500 అడుగుల ఎత్తున, ఒకే ఒక్క బండ కొండలా నిలిచి వున్నది.

అంత బండ ఎక్కడి నుంచి వచ్చింది? ఎక్కడి నుంచీ రాలేదు. చుట్టూ వున్నది అరిగిపోగా ఇది మిగిలింది. సుమారు 250 కోట్ల సంవత్సరాల క్రితం, భూమి లోపల కరిగివున్న శిల మెల్లగా చల్లారి గ్రానైటు రాయి అయింది. పైనున్న పొరలు ఎండకూ వానకూ అరిగి కొట్టుకుపోగా రాయి బయటపడింది. పగుళ్ళు ఎక్కువగా వున్నచోట నీరు దూరి, అంచులు రాలి, గుండ్లు ఏర్పడ్డాయి. పగుళ్ళు తక్కువైనచోట నీటికి దారి దొరకలేదు. బండ బండగానే నిలిచింది. అదే భువనగిరి!

ఈ నున్నని బండను ఎగబాకటం శత్రువులకు కష్టం. అందుకే దానిమీద కోట కట్టారు. 1076 నుంచి సుమారు 50 ఏళ్ళు ఏలిన చాళుక్యరాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేరనే దీనికి త్రిభువనగిరి అనే పేరు వచ్చింది. మరి పైనున్నవారికి నీళ్ళో? రాతి గుంటల్లో నిలిచే వాననీరే!

కొండకు ఈశాన్యాన యాదగిరిగుట్ట, దక్షిణాన మూసీనది వున్నాయి. నది అవతల, నైరుతి మూల పోచంపల్లి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే భూదానోద్యమం మొదలైంది ఆ వూళ్ళోనే.

మాలావత్ పూర్ణ కొండలెక్కటం మొదట నేర్చుకున్నది ఈ బండమీదనే. 2014 మే 25న ఆమె 8,849 మీటర్ల ఎవరెస్టు శిఖరం ఎక్కింది. అప్పటికి ఆమెకు 14 ఏళ్ళు కూడా నిండలేదు! ఎత్తులో ఎవరెస్టుదే పైచేయి. కాని హిమాలయాలు లేవటం మొదలై సుమారు 5 కోట్ల ఏళ్ళే అయింది. మన రాయి వయస్సు అందుకు 50 రెట్లు!

ఇళ్ళకూ రోడ్లకూ రాయి కావలసిందే. అయితే చెట్టు కొట్టినచోట మరో చెట్టు నాటవచ్చు. గుండు పగలగొట్టినచోట మరో గుండు మొలవదు. మీ యింటి దగ్గర ఎన్ని గుండ్లు మిగిలాయో ఈ ఆదివారం లెక్కపెట్టండి. వాటి పగుళ్ళు ఎటు పోతున్నాయో బొమ్మ గీసి, మీ అమ్మానాన్నలకు చూపించండి.