రెండరింగునకు ఏ ప్రాసెసరు కొనవలయును?

నగ కొనునపుడు తరుగెంత, మజూరీ యెంత యని విడివిడిగా నడిగి తెలిసికొందుము. చీర కొనునపుడు అంచు చూతుము, కొంగు చూతుము, నలిపి చూతుము. ప్రొద్దుటూరి యంగళ్ళలో బేరమాడ నేర్చిన మనకు కంప్యూటరు కొనునపుడు మాత్రము నోరు పెగలదు. అంగడివాడు చెప్పిన యంకెయే వేదవాక్యమగును. ఈ విషయమున మేము పడిన పాట్లు మఱికొందఱకు పనికివచ్చునని యీ వ్యాసమును వ్రాయుచున్నారము.

మా తోడికోడలు జమ్మలమడుగున కాపురముండి ఇంటిపట్టుననే యొక వృత్తి చేయుచున్నది. పులివెందులలోను ప్రొద్దుటూరిలోను ఇండ్లు కట్టించు ఇంజనీర్లు పంపిన ప్లానులను బట్టి, ఇంకను పునాదియైన తీయని యింటిని తెఱపై నిలిపి చూపుట ఆమె పని. కడప బండలు పఱచిన వసారా, తులసికోట, మేడమెట్లు, గోడమీది సాయంకాలపు టెండ, అన్నియు నందుండును. యజమాని ఇంటిలో నడచి చూచినట్లు తోచు నిమిషమంత చలనచిత్రము కూడ నిచ్చును. కంప్యూటరు ఈ బొమ్మలను సిద్ధపఱచుటకే రెండరింగని పేరు. వెలుగు ఏ గోడపై బడి యెటు మఱలునో ప్రతి చుక్కకును లెక్క కట్టవలయును గనుక అది మిక్కిలి కాలహరణము గల పని.

ఆ కాల మెంతయో చూడుడు. సెకనుకు 25 చొప్పున నిమిషమునకు 1,500 బొమ్మలు. ఒక్కొక్క బొమ్మకు 4 నిమిషములు పట్టినచో మొత్తము 6,000 నిమిషములు. అనగా 100 గంటలు. నాలుగు పగళ్ళు నాలుగు రాత్రులు గడచినను ఇంకను నాలుగు గంటలు మిగిలియుండును. గడచిన వేసవిలో ఆమె యంత్రము 71వ గంట నడచుచుండగా కరెంటు పోయినది. ముద్దనూరు దాపున కలమల్లయొద్ద 1,650 మెగావాట్ల విద్యుత్కేంద్రము మన జిల్లాలోనే యున్నది గాని, వీధి దీపములకు ఆ చుట్టఱికము గుర్తుండదు. (ఆ కలమల్లలోనే సుమారు 575వ సంవత్సరమునాటి తెలుగు శాసనము దొరకినది. రాతిపై చెక్కినవానికి కరెంటు భయము లేదు.) చిత్రమంతయు నొకే వీడియోగా వ్రాయించుచుండుటచే డెబ్బది గంటల పనియు మంట గలిసెను. గడువు దాటినందున ఆ పని మఱొకరి చేతికి బోయినది.

అటుపిమ్మట ఆమె యొక యంగడిలో క్రొత్త యంత్రపు వెల కనుగొని మా యింటికి వచ్చినది. "అక్కా! గొలుసు కుదువబెట్టుదును. వడ్డీ సంగతి బావగారిని విచారింపుమనుము" అనెను. ఆ గొలుసు పుట్టినింటివారు పెట్టినది. "అమ్మీ! గొలుసు మాట తరువాత. నీ యంత్రములో ఆలస్య మెచ్చట నున్నదో ముందు చూతము" అంటిమి. మావారు బడిపంతులు, ఏది చెప్పినను నల్లబల్లపై లెక్క వేసి చూపనిదే యొప్పుకొనరు. ఆ యలవాటు ఈమారు మాకు మేలే చేసినది.

మొదట తెలిసికొనవలసినది, మన ప్రోగ్రాము ఏ భాగముచే పని చేయించుచున్నది యనుట. లుమియన్, ట్విన్‌మోషన్ వంటివి గ్రాఫిక్సు కార్డుతో బొమ్మ గీయును. అట్టివానికి గొప్ప ప్రాసెసరు కొనుట, బావి యెండిన యింటికి బంగారు చేద కొన్నట్లు. కొరోనా యనునది ప్రాసెసరుతోనే గీయును. వీరే, బ్లెండరులోని సైకిల్స్ రెండు విధముల గీయగలవు. కార్డునకు తగినంత జ్ఞాపకశక్తి యున్నచో కార్డుమార్గమే తఱచు వేగవంతము. మా తోడికోడలు వాడునది కొరోనా. రెండరింగు జరుగునపుడు టాస్కు మేనేజరు తెఱచి చూడగా ప్రాసెసరు నూటికి నూఱు వంతులు పని చేయుచు, కార్డు ఊరక కూర్చుండియున్నది. ఇల్లు తీర్చునపుడు, గోడలు జరుపునపుడు చూడగా నొక్క కోరు మాత్రమే శ్రమపడుచున్నది. ఈ భేదములోనే సర్వమును గలదు.

కోరన నేమి? పెండ్లియింట ఓళిగలు చేయుదుమనుకొనుడు. ఒక్కతె చేసిన సాయంకాలమగును. పదునాఱుగురు పీటలు వేసికొని కూర్చుండిన పొయ్యిలు చాలినంతవఱకు పని పదునాఱింతలుగా నడచును. బొమ్మలోని తునుకలు ఓళిగలవంటివి. ఒకదాని కొఱకు మఱియొకటి కాచుకొనదు. గోడలు జరుపు పని అట్టిది గాదు. వ్యాసుడు చెప్పుచుండగా విఘ్నేశ్వరుడు వ్రాసెనను కథ యెఱుగుదుము గదా. అచ్చట పదుగురు విఘ్నేశ్వరులు ఘంటములు పట్టి కూర్చుండినను భారతము త్వరగా ముగియదు, ఏలయన మాట వెంట మాట రావలయును. అట్టి పనికి కోరుల సంఖ్య గాక, ఒక్క కోరు వేగమే ముఖ్యము. ఒక పనిలో పదవవంతు ఇట్లు వరుసగా జరుగవలసినదైనచో, ఎన్ని కోరులు పెట్టినను పదింతలకు మించి వేగము రాదని 1967లో జీన్ ఆమ్డాల్ అను అమెరికా నిపుణుడు వాదించిన వాదము నేటికిని చెల్లుచున్నది. ఇక థ్రెడ్డులన్న మాట. 16 కోరులు, 32 థ్రెడ్డులని పెట్టెమీద నున్నంతనే 32గురు పనివారనుకొనరాదు. ఒక్కొక్కతె రెండు చేతులను తీరిక లేకుండ నాడించుట యని భావము. కొంత లాభమే గాని రెట్టింపు గాదు.

ఆమె పాత యంత్రములో నున్నది 2019లో వచ్చిన రైజెన్ 5 3600, 6 కోరులు. అది కూర్చున్న బోర్డు బీ450. మా ముందు మూడు మార్గములు గానవచ్చెను. పెద్ద సంస్థలు తీసివేసిన సర్వరు ప్రాసెసర్లు రెండు జతచేసిన యంత్రము అగ్గువగా వచ్చునని యొకరనిరి. అవి 2016 నాటి జియాన్ ఈ5-2680 వీ4. ఒక్కొక్కదానికి 14 చొప్పున 28 కోరులు. అంకె వినుటకు ఘనమే. కాని ఒక్కొక్క కోరు మూలవేగము 2.4 గిగాహెర్ట్జులే, రెండింటికి కలిసి 240 వాట్లు నిర్ణయింపబడినవి, ఇల్లు తీర్చు పనిలో మునుపటికంటె మందగించును. ముసలి చేతులు ఇరువదియెనిమిదికంటె పడుచు చేతులు పదునాఱు మేలని దానిని విడిచితిమి.

అంగడివాడు చూపినది 2024లో వచ్చిన రైజెన్ 9 9950ఎక్స్. మంచి సరకే, సందేహము లేదు. కాని దానికి క్రొత్త బోర్డు కావలయును, డీడీఆర్5 ర్యాము కావలయును. 2025 చివరినుండి ర్యాము ధరలు మిక్కిలి పెరిగినవి. గొలుసు పోవు దారి యిదియే. ఇంటెలు పదుమూడవ, పదునాలుగవ తరముల ప్రాసెసర్లను గూర్చియు విచారించితిమి. వానిలో కొన్ని అధిక వోల్టేజివలన చెడిపోవుచున్నవని 2024లో బయటపడగా, ఆ సంస్థ దిద్దుబాటు నిచ్చి వారంటీని రెండేండ్లు పొడిగించినది. ఒకరు వాడినదానిని కొనువారు, ఆ దిద్దుబాటు చేసిరా, ఎన్నడు చేసిరి యని యడిగియే కొనవలెను.

మూడవ మార్గము పాత బోర్డులోనే ప్రాసెసరు మార్చుట. ఏఎమ్4 అను ఆ పీఠమున సరిపోవు 16 కోరుల రైజెన్ 9 5900ఎక్స్‌టీ కూడ 2024లోనే వచ్చినది. బయోసు నవీకరించిన బీ450 బోర్డు దానిని స్వీకరించును. బయోసు పనిని పాత ప్రాసెసరు ఉండగానే ముగింపవలయును. తీసివేసిన పిమ్మట జ్ఞప్తికి వచ్చిన ప్రయోజనము లేదు.

అంకెలు నమ్మి కొనక, పని ఫైలునే పెన్ డ్రైవులో పెట్టుకొని పులివెందులలో నట్టి 16 కోరుల యంత్రముగల పరిచితుల యింటికి బోతిమి. సినీబెంచి మార్కులు ఎవరి కొలతయో. మన బొమ్మయే మనకు సరియైన కొలత. ఇంట 4 నిమిషములు పట్టిన బొమ్మ అచ్చట నిమిషమున్నరలో ముగిసెను. మావారు లెక్క వేసిరి: 100 గంటలకు మాఱుగా 37 గంటల 30 నిమిషములు. గోడలు జరుపుటలో మాత్రము పెద్ద తేడా కానరాలేదు. అది ముందే తెలిసినది గనుక చింత లేదు.

ఒక చిక్కు మాత్రము వచ్చినది. పాత ప్రాసెసరు 65 వాట్లది, క్రొత్తది 105 వాట్లదని వ్రాసియున్నను పూర్తి బరువు పడినపుడు అంతకుమించి త్రాగును. మన జిల్లాలో ఎండ 40 డిగ్రీలు దాటు దినములు కొల్లలు. వేడి హెచ్చిన ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. కొన్న వేగము గాలిలో గలియును. పాత చిన్న ఫ్యాను చాలదని పెద్ద కూలరు పెట్టించితిమి. ప్రాసెసరుకు కరెంటు నందించు బోర్డు భాగములపైనను గాలి యాడునట్లు చేయించితిమి. 16 గిగాబైట్ల ర్యాము చాలక యంత్రము డిస్కుపై తడుముకొనుచుండెను గనుక, ఒకరు తీసివేసిన డీడీఆర్4 పలకలతో దానిని 32 చేసితిమి.

వీనికన్నిటికిని ఆమె చీటీ పాటలో వచ్చిన సొమ్ము సరిపోయెను. గొలుసు మెడలోనే యున్నది. కాసుకైన వెల లేని మార్పు మఱొకటి చేసితిమి: వీడియోగా గాక 1,500 బొమ్మలను వేర్వేఱు ఫైళ్ళుగా వ్రాయించుట. కరెంటు పోయినచో ఆ యొక్క బొమ్మయే పోవును. తీసివేసిన 3600ను వేఱొక బోర్డుపై పెట్టినచో, సగము బొమ్మలు కాకున్నను నాలుగవవంతైన దానికప్పగింపవచ్చునని ఆమె యిప్పు డాలోచించుచున్నది.

ఇది వ్రాయుచున్న వేళకు జమ్మలమడుగున యంత్రము 1,112వ బొమ్మను ముగించినదని ఆమె ఫోనులో చెప్పినది. నడుమ రెండుమార్లు కరెంటు పోయినదట.