మేడమీది పాత డిష్

1990వ దశకంలో కేబుల్ టీవీ విస్తరించినప్పుడు హైదరాబాదులోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ వంటి ప్రాంతాలలో మేడలపై పెద్ద డిష్‌లు వెలిశాయి. కాలక్రమంలో చిన్న డిష్‌లు, డిజిటల్ కేబుల్ రావడంతో వాటిలో అనేకం పాతసామానుగా మారాయి. అయితే పాతవన్నీ పనికిరానివి కావు.

సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున గల ఉపగ్రహం భూమితో సమానంగా తిరుగుతూ ఆకాశంలో ఒకేచోట నిలిచినట్లు కనిపిస్తుంది. దాని నుండి వచ్చే సంకేతాలు మిక్కిలి బలహీనమైనవి. పరావలయాకారపు డిష్ వాటిని నాభి వద్దకు చేరుస్తుంది. అక్కడి ఎల్.ఎన్.బి. వాటి బలాన్ని పెంచి సెట్‌టాప్ బాక్సుకు పంపుతుంది. డిష్ పెద్దదైనకొద్దీ అందే సంకేతం పెరుగుతుంది.

కనుక వంపు చెడని పాత డిష్‌కు తుప్పు వదిలించి, తగిన ఎల్.ఎన్.బి.ని, డిజిటల్ బాక్సును అమర్చితే అది మళ్లీ పనిచేస్తుంది. 2004లో మొదలైన దూరదర్శన్ ఉచిత సేవ నేడు డి.డి. ఫ్రీ డిష్‌గా కొనసాగుతున్నది. దాని తరంగాల పొడవు మూడు సెంటీమీటర్లలోపే. అందుచేత జాలీ డిష్ కంటే నునుపైన రేకు డిష్ మేలు. ఆ ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశంపై ఉన్నందున హైదరాబాదులో డిష్‌ను ఆగ్నేయానికి తిప్పాలి.

ఈ సేవకు నెలసరి చందా లేదు. చందా ఛానళ్లు రాకపోయినా, వార్తలతోపాటు విద్యాపాఠాలు ఉచితంగా అందుతాయి. చందా భారమైన ఇంట చదువుకొనే విద్యార్థికి ఇది చిన్న మేలు కాదు.