వింజమూరి సోదరీమణులు

హార్స్‌లీ కొండల చెంత బి.కొత్తకోట యను ఊరు కలదు. ఆ సీమవారికి రాగిసంగటి ప్రియమైన ఆహారము. పిండిమరలు రాకమునుపు అచ్చటి స్త్రీలు వేకువనే లేచి, విసురురాతి ముందు కూర్చుండి రాగులు విసరెడివారు. రాయి తిరుగు తీరునకు తగినట్లు పాట సాగెడిది. పాట వలన శ్రమ మరుపునకు వచ్చెడిది. ఎవరితోను చెప్పుకొనలేని దుఃఖము కొంత వెలికి వచ్చెడిది. పిదప పిండిమర వచ్చెను. చేతులకు విశ్రాంతి కలిగెను. అది మేలే. కాని విసురురాతితోపాటు పాటయు మూలబడెను. బావులకు విద్యుత్తు మోటార్లు అమరిన పిమ్మట కపిల తోలువాని పాటకును అదే గతి పట్టెను.

ఇట్టి పాటలను కట్టినవారి పేర్లు తెలియవు. అవి తాళపత్రములకెక్కినవి కావు. తల్లి పాడగా కూతురు నేర్చినవి. కూతురు నేర్వనిచో అవి అంతటితో అంతరించును. తెలుగునాట ఇట్టి పాటలను సేకరించి, సభావేదికపై నిలిపిన తొలితరము గాయనులలో వింజమూరి అనసూయాదేవి, సీతాదేవి అను అక్కచెల్లెండ్రు ముఖ్యులు.

అనసూయాదేవి 1920 మే 12వ తేదీన కాకినాడలో జన్మించెను. తల్లి వెంకటరత్నమ్మ రచయిత్రి. ‘అనసూయ’ యను పత్రికను నడపిన విదుషి. సుప్రసిద్ధ భావకవి దేవులపల్లి కృష్ణశాస్త్రి ఈ సోదరీమణులకు మేనమామ. ఇంట సాహిత్యము, సంగీతము రెండును వెల్లివిరియుచుండెను. అనసూయ ఎనిమిదేండ్ల ప్రాయముననే గ్రామఫోను రికార్డునకు పాడెను. హార్మోనియము వాయించుటలోను ఆమె నేర్పరి. కృష్ణశాస్త్రి రచించిన ‘జయ జయ జయ ప్రియ భారత’ గీతమునకు స్వరములు కూర్చినది ఆమెయే.

ఆ దినములలో సంగీతసభ యన్న కీర్తనలు, కృతులు, నాటకరంగమన్న పద్యములు. నాట్లు వేయువారి పాటను, ఊయలపాటను సభలో పాడుట విద్వాంసులకు వింతగా తోచెడి కాలమది. పల్లెపదము పొలముగట్టున ఉండవలసినదే గాని వేదికనెక్కదగినది కాదని పలువురు తలచుచుండిరి. అక్కచెల్లెండ్రు ఆ తలపును త్రోసిపుచ్చిరి. ఒకే సభలో కవుల భావగీతమును, పేరెరుగని పల్లెపడుచు కట్టిన పదమును సమానమైన ఆదరముతో పాడిరి. వారు చేసిన ప్రయోగము ఇదియే.

పల్లెపాటకును శాస్త్రీయ గానమునకును భేదమేమి? శాస్త్రీయ గానమున విద్వాంసుడు రాగమును విస్తరించును; ఒక్క పంక్తినే పలువిధముల పాడి మనోధర్మమును చూపును. పల్లెపాటలో వరుస చిన్నది. ప్రతి చరణమును సామాన్యముగా ఆ వరుసలోనే నడచును. ఒకరు ముందు పాడగా తక్కినవారు వంత పాడుదురు. పనియొక్క ఊపే దానికి తాళము. మాటయే దానికి ప్రాణము. అట్టి పాటకు సంగతులు మితిమీరి చేర్చినచో మాట మరుగుపడును. ఏ అలంకారమును లేకుండ పాడినచో సభవారికి రుచింపకపోవచ్చును. ఈ రెంటి నడుమ త్రోవ కనుగొనుటయే పల్లెపాటను వేదికకు తెచ్చువారికి కష్టమైన పని. శ్రుతి కలిసిన రెండు కంఠములు జంటగా పలుకుటచే వీరి గానమునకు నిండుదనము చేకూరెను.

1938వ సంవత్సరమున మద్రాసులో ఆకాశవాణి కేంద్రము వెలసెను. రేడియో ద్వారా ఈ సోదరీమణుల గానము ఇంటింటను వినవచ్చెను. తమ పాట రేడియోలో పలుకగా విన్న పల్లెవాసులకు అది ఎంతటి గౌరవము! సీతాదేవి తరువాతి కాలమున హైదరాబాదు ఆకాశవాణిలో జానపద సంగీతమునకై కృషి చేసెను. 1979లో నిర్మితమైన ‘మా భూమి’ చలనచిత్రమునకు సంగీతము కూర్చినవారిలో ఆమె ఒకరు. తెలంగాణ రైతుల పోరాటమును చూపిన చిత్రమది. అనసూయాదేవి జానపద గేయములను గ్రంథములుగా ప్రకటించెను. ఆంధ్ర విశ్వవిద్యాలయము ఆమెను ‘కళాప్రపూర్ణ’ బిరుదముతో సత్కరించెను. సీతాదేవి 2016లోను, అనసూయాదేవి 2019లో అమెరికాలోని హ్యూస్టన్ నగరమునందును కన్నుమూసిరి.

పొలమున పుట్టిన పాట వేదికనెక్కినపుడు కొంత కోల్పోవుననుట నిజమే. అచ్చట మట్టివాసన ఉండదు. వంత పాడు తోడివారుండరు. అయినను వరుస నిలుచును, మాట నిలుచును. బి.కొత్తకోటకు సమీపముననున్న మదనపల్లెలో 1919వ సంవత్సరమున రవీంద్రనాథ ఠాగూరు ‘జనగణమన’ గీతమును ఆంగ్లములోనికి అనువదించెను. మార్గరెట్ కజిన్స్ అను విదుషి ఆ గీతపు వరుసను స్వరలిపిలో వ్రాసి పెట్టెను. మహాకవి పాటనే అట్లు పదిలపరుపవలసివచ్చినచో, పేరులేని పల్లెపడుచు పాట మాట చెప్పనేల?

బాలబాలికలారా! మీ ఇంట అవ్వ యున్నచో, విసురురాతి యొద్ద ఏమి పాడెడిదో అడుగుడు. ఆమె మొదట నవ్వి, మరచితిననును. మరల అడుగుడు. ఒక చరణమైనను జ్ఞప్తికి వచ్చును. దానిని ఆమె పలికినట్లే, ఒక్క మాటయు దిద్దక, వ్రాసికొనుడు. వరుసను నేర్చి ఆమెతో కలిసి పాడుడు.