ఇరుసును పైకెత్తిన బండి

తొలి యూనిమోగ్‌లో ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య దూరం 1270 మిల్లీమీటర్లు. ఆ కొలతను రోడ్డును చూసి పెట్టలేదు, సైన్యమూ అడగలేదు. జర్మనీ రైతు బంగాళాదుంపలు వేసే సాళ్లు రెంటిని కలిపితే వచ్చే వెడల్పు అది. మొక్కల్ని తొక్కకుండా చేలో నడవాలి. పంట తీశాక దుంపల్ని వెనక తొట్టిలో పోసుకుని అదే బండి సంతకూ పోవాలి. ఈ రెండు పనులకూ ఒకే యంత్రం సరిపోవాలన్న ఆలోచనలోంచి పుట్టిన ఈ బండి, దారి లేని చోటికి వెళ్లే లారీల్లో ఇవాళ ముందు వరసలో ఉంది. పొలం కోసం పుట్టింది కాబట్టే అంత దూరం వెళ్లగలిగిందని నా నమ్మకం.

ఈ బండిని ఊహించిన ఆల్బర్ట్ ఫ్రీడ్రిష్ డైమ్లర్-బెంజ్‌లో విమాన ఇంజన్లు రూపొందించిన ఇంజనీరు. 1945లో యుద్ధం ముగిసేసరికి జర్మనీలో విమాన ఇంజన్లతో పని లేకుండా పోయింది, తినడానికి తిండి కరువైంది. ఆయన ఉన్న ప్రాంతం అమెరికన్ సైన్యం అధీనంలో ఉంది. ఏ కార్ఖానాలో ఏం తయారు చేయాలన్నా వాళ్ల అనుమతి కావాలి. తొలి నమూనాలు ష్వేబిష్ గ్మూండ్ ఊళ్లో, వెండి బంగారు సామాను చేసే ఎర్‌హార్డ్ అనే సంస్థలో తయారయ్యాయి. హైన్రిష్ రోస్లర్ అనే ఇంజనీరు తోడయ్యాడు. 1946 చివరికల్లా నమూనా బండి నేల మీద నడిచింది. సర్వ పనులకూ పనికొచ్చే మోటారు యంత్రం అనే అర్థం వచ్చే పొడుగాటి జర్మన్ పేరును కుదిస్తే యూనిమోగ్ అయింది. 1948లో గోపింగెన్‌లోని బోరింగర్ కార్ఖానాలో ఉత్పత్తి మొదలైంది. అక్కడ దాదాపు 600 బళ్లు చేశాక, 1951లో పని మొత్తం డైమ్లర్-బెంజ్ వారి గాగెనావ్ కార్ఖానాకు మారింది. బండి ముక్కు మీద మొదట్లో ఉన్న గుర్తు ఎద్దు తల.

ఇంజను మెర్సిడెస్ కారుది, 25 హార్స్‌పవర్ల చిన్న డీజిల్. గరిష్ఠ వేగం గంటకు 50 కిలోమీటర్లు. అప్పటి ట్రాక్టర్లతో పోలిస్తే అది చాలా ఎక్కువ. ట్రాక్టరుకు వెనక పెద్ద చక్రాలు, ముందు చిన్న చక్రాలు ఉండే రోజుల్లో యూనిమోగ్‌కు నాలుగు చక్రాలూ ఒకే సైజు, నాలుగింటికీ ఇంజను బలం, నాలుగింటికీ బ్రేకులు. ఖాళీ బండి బరువులో మూడింట రెండు వంతులు ముందు ఇరుసు మీదే పడుతుంది. తొట్టి నిండినప్పుడో, వెనక నాగలి తగిలించినప్పుడో బరువు రెండు ఇరుసులకూ సమంగా సర్దుకుంటుంది. చూడ్డానికి చిన్న విషయమే గానీ, పొలంలో పని చేసిన మనిషికే తట్టే ఆలోచన ఇది.

అసలు గొప్పతనం చక్రం మధ్యలో దాగి ఉంది. మామూలు లారీలో ఇరుసు చక్రం నడిమధ్యకు వచ్చి కలుస్తుంది. కాబట్టి ఇంజను బలాన్ని రెండు చక్రాలకూ పంచే, ఇరుసు మధ్యలో ఉబ్బుగా ఉండే డిఫరెన్షియల్ డబ్బా నేలకు దగ్గరగా వేలాడుతుంది. రాయి తగిలేదీ, బురదలో ఆనుకునేదీ అదే. యూనిమోగ్‌లో ఇరుసును చక్రం మధ్య కంటే పైకి ఎత్తారు. పైన తిరిగే ఇరుసు నుంచి కింద ఉన్న చక్రానికి బలం అందించడానికి చక్రం దగ్గరే ఒక గేర్ల జత పెట్టారు. పైది చిన్న పళ్ల చక్రం, కిందది పెద్దది. దీన్నే పోర్టల్ ఇరుసు అంటారు.

ఎత్తు ఒక్కటే లాభమైతే పెద్ద టైర్లతోనే పని జరిగిపోయేది. చిన్న గేరు పెద్ద గేరును తిప్పుతున్నప్పుడు వేగం తగ్గి, తిప్పే బలం పెరుగుతుంది. ఆ పెరుగుదల ఆఖరి మెట్టులో, చక్రం దగ్గర జరుగుతోంది కనుక అంతకు ముందున్న షాఫ్టులూ డిఫరెన్షియలూ తక్కువ బలం మోస్తే చాలు. తక్కువ మోసే డిఫరెన్షియల్‌ను చిన్నగా చేయవచ్చు. అది చిన్నదైతే నేలకూ దానికీ మధ్య ఖాళీ ఇంకా పెరుగుతుంది. ఒక్క గేర్ల జతతో ఎత్తూ బలమూ రెండూ దక్కాయి. యంత్రాల చరిత్రలో ఇంత పొదుపైన ఆలోచనలు అరుదు.

దీనికి చెల్లించాల్సిన మూల్యం ఆయిల్. మామూలు లారీకి ఇంజను, గేర్‌బాక్స్, ఇరుసు చూస్తే సరిపోతుంది. ఇక్కడ నాలుగు చక్రాల దగ్గరా నాలుగు చిన్న గేర్‌బాక్సులున్నాయి, ఒక్కోదానిలో కొద్దిపాటి గేర్ ఆయిల్. ఇంజను, గేర్‌బాక్స్, రెండు ఇరుసులు కూడా కలిపితే చూడాల్సిన చోట్లు ఎనిమిది. ఇరుసుకూ చక్రపు డబ్బాకూ మధ్య ఉన్న సీలు అరిగితే ఆయిల్ ఒకవైపు నుంచి మరోవైపుకు జారుతుంది. ఒక డబ్బాలో ఆయిల్ ఉండాల్సిన దానికంటే ఎక్కువగా కనిపించిందంటే సంతోషించకూడదు, ఇంకోచోట తగ్గి ఉంటుంది.

వాగు దాటించాక జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. కొండ దారిలో నడిచి వేడెక్కిన ఇరుసు ఒక్కసారిగా చన్నీళ్లలో మునిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. ఆ ఖాళీ నింపడానికి సీళ్ల సందుల్లోంచి నీటిని లోపలికి లాగుతుంది. ఇరుసు మీద ఉండే గాలిగొట్టాన్ని పైకి, నీళ్లందని ఎత్తుకు తీసుకెళ్లి బిగించేది ఇందుకే. డ్రెయిన్ నట్టు విప్పినప్పుడు ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా కనిపిస్తే నీళ్లు చేరినట్టే. అది గేరు పళ్లను కాపాడలేదు, వెంటనే మార్చాలి. నట్టు చివర అయస్కాంతం ఉంటే దానికి అంటిన సన్నటి ఇనుప పొడి మామూలు అరుగుదల. గింజలంత ముక్కలు కనిపిస్తే మాత్రం ఏదో విరిగిందని అర్థం.

ఇంజను ఆయిల్ సంగతి వేరు. డీజిల్ ఇంజనులో కొత్త ఆయిల్ త్వరగానే నల్లబడుతుంది. మసిని ఇంజను గోడలకు అంటనివ్వకుండా తనలో తేలించుకోవడం దాని పని, కాబట్టి నలుపు చూసి భయపడనక్కర్లేదు. ఆయిల్ ఎప్పుడు మార్చాలన్నదానికి మాత్రం ఇలాంటి బండిలో కిలోమీటర్లు సరైన లెక్క కాదు. ఇంజను బలాన్ని బయటి యంత్రాలకు అందించే పీటీఓ షాఫ్టుతో వాటిని తిప్పుతూ రోజంతా ఒకేచోట నిలబడినా, మొదటి గేరులో పాకినా మీటరు పెద్దగా కదలదు, ఇంజను మాత్రం అరుగుతూనే ఉంటుంది. ట్రాక్టరు రైతులు గంటల లెక్కన ఆయిల్ మార్చడం ఎంతో సరైన పద్ధతి. దుమ్ములో పని చేసినప్పుడు ఎయిర్ ఫిల్టరును ఇంకా ముందే చూసుకోవాలి. ఇంజనులోకి చేరిన ఇసుకను ఎంత మంచి ఆయిలైనా ఏమీ చేయలేదు.

టైర్ల దగ్గరికి వస్తే, వాటికంటే వాటిలోని గాలే ముఖ్యం. ఒక చక్రం మీద వెయ్యి కిలోల బరువు ఉందనుకుందాం. 50 పౌండ్ల గాలి ఉంటే టైరు నేలను తాకే మేర సుమారు 285 చదరపు సెంటీమీటర్లు. 15 పౌండ్లకు దించితే అది దాదాపు 950కి చేరుతుంది. టైరు గోడల బిగువు వల్ల నిజంలో కొంత తేడా వస్తుంది గానీ, దిశ ఇదే. అదే బరువు మూడింతల నేల మీద పరుచుకుంటే ఇసుక, తడిసిన నల్లరేగడి దాన్ని మోయగలుగుతాయి. గట్టి రోడ్డెక్కగానే మళ్లీ గాలి నింపాలి. మెత్తటి టైరు వేగంగా తిరిగితే గోడలు మడతపడుతూ వేడెక్కి చిరిగిపోతాయి. బండి ఆపకుండా, సీట్లో కూర్చునే గాలి మార్చే ఏర్పాటు 1942లో వచ్చిన అమెరికన్ ఉభయచర లారీ డక్‌లో ఉంది. సముద్రంలోంచి ఇసుక ఒడ్డెక్కే బండికి అది ప్రాణావసరం. ఇప్పటి యూనిమోగ్‌లోనూ అలాంటి ఏర్పాటు దొరుకుతుంది.

నడపడంలో పెద్ద రహస్యం తొందర లేకపోవడమే. గేరు బురదలోకి దిగకముందే ఎంచుకోవాలి, మధ్యలో క్లచ్ తొక్కితే ఊపు పోయి దిగబడుతుంది. ఇరుసుకు రెండు వైపులా ఉన్న చక్రాలు కలిసి తిరిగేలా చేసే డిఫరెన్షియల్ లాక్ కూడా ముందే వేయాలి. జారుతున్న చక్రం గుంట తవ్వుకున్నాక వేస్తే సగం ఫలమే. లాక్ వేసి ఉండగా మలుపు తిప్పకూడదు, గట్టి నేల రాగానే తీసేయాలి. నిటారు దిగుడులో ఇంజనే బ్రేకు. పాత బళ్లలో బొటనవేళ్లు స్టీరింగ్ చువ్వల మధ్య పెట్టకూడదు, చక్రం రాయికి తగిలితే స్టీరింగ్ విసురుగా తిరిగి వేలు విరుస్తుంది.

సైన్యాలు ఈ బండిని తర్వాత గుర్తించాయి. 1955 నుంచి చేసిన 404 నమూనా 64 వేలకు పైగా తయారైంది. నేల మెలికలకు తగ్గట్టు దాని ఫ్రేమే మెలి తిరుగుతుంది. 2019 డిసెంబరులో చిలీలో, ప్రపంచంలోకెల్లా ఎత్తయిన అగ్నిపర్వతం ఓహోస్ దెల్ సలాదో మీద ఒక యూనిమోగ్ 6,694 మీటర్ల ఎత్తుకు చేరి చక్రాల బళ్లలో రికార్డు నెలకొల్పింది. ఆ ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో సగం కూడా ఉండదు. 2023 డిసెంబరులో అదే కొండ మీద ఒక పోర్షె 911 కారు 6,734 మీటర్లకు చేరి ఆ రికార్డును దాటింది. అందుకోసం ఆ స్పోర్ట్స్ కారుకు అమర్చినవి పోర్టల్ ఇరుసులు. వాటితో నేలకూ కారు అడుగుకూ మధ్య 350 మిల్లీమీటర్ల ఖాళీ దొరికింది.