కొన్న నమూనా కంటే పనిబల్ల మేలు!

పిల్లల చేతికి పని చెప్పే మూల ప్రతి ఇంట్లోనూ వుండాలి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం : బడిలో వైజ్ఞానిక ప్రదర్శన తేదీ ప్రకటించగానే ఎన్నో ఇళ్ళలో హడావుడి మొదలవుతుంది. థర్మోకోల్ పలకలు, రంగు కాగితాలు, బంక సీసాలు వచ్చి పడతాయి. పని మాత్రం చివరి రెండు రాత్రుళ్ళకు వాయిదా పడుతుంది. ఆ రాత్రుళ్ళలో కత్తి పట్టేది నాన్న, బంక పూసేది అమ్మ, నిద్రపోయేది బిడ్డ! ఆ ఓపిక కూడా లేనివారు తయారైన నమూనానే కొని పంపుతున్నారు. తీరా ప్రదర్శన నాడు ‘ఈ చక్రం ఇంత సైజే ఎందుకు పెట్టావు?’ అని న్యాయనిర్ణేత అడిగితే పిల్లవాడు దిక్కులు చూడవలసి వస్తోంది.

ఇందులో పిల్లల తప్పు లేదు. వారికి తెలివి తక్కువ కాదు, ఆసక్తీ తక్కువ కాదు. లేనిదల్లా ఒక చోటు. ఈ రోజు సగం కోసిన చెక్కను రేపటిదాకా కదలకుండా వుంచుకోగల చోటు. కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ అవార్డ్స్ మానక్ పథకం కింద ఎంపికైన విద్యార్థికి నమూనా తయారీ కోసం 10,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో జమ అవుతాయి. ఆ డబ్బు దుకాణానికి పోవాలా, బిడ్డ చేతికి నేర్పు తేవాలా అన్నది ఇంట్లోనే తేలే విషయం.

చేతితో చేసి నేర్చుకునే చదువు మన ప్రాంతానికి కొత్త కాదు. 1999లో రాంజీ రాఘవన్ ప్రారంభించిన అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ కుప్పం సమీపంలోని గుడివంక వద్ద 172 ఎకరాల ప్రాంగణంలో విజ్ఞాన కేంద్రం నడుపుతోంది. చవక వస్తువులతో చేసిన నమూనాలను వ్యాన్లలో పల్లె బడులకు చేరుస్తోంది. పిల్లలు వాటిని తాకి, తిప్పి, విప్పి చూస్తారు. అయితే వ్యాను సాయంత్రానికి వెళ్ళిపోతుంది. ‘నేనూ ఇలాంటిది చేస్తాను’ అన్న కోరిక పిల్లల వెంట ఇంటికి వస్తుంది. ఆ కోరిక నిలబడాలంటే ఇంట్లో ఒక బల్ల కావాలి.

ఎక్కడ వేయాలి?

రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు వుంటే చాలు. పాత తలుపు చెక్క అయినా, ముప్పావు అంగుళం ప్లైవుడ్ అయినా ఫరవాలేదు. చేత్తో గట్టిగా నెట్టినా బల్ల వూగరాదు. వూగే బల్ల మీద రంపం సూటిగా నడవదు. కాళ్ళ మధ్య అడ్డపట్టీలు కొట్టి, వీలైతే గోడకు బిగించాలి. కూర్చున్నప్పుడు పిల్లల మోచేతులు బల్ల మీద సుఖంగా ఆనాలి. వంగి చేయవలసి వస్తే అరగంటకే వీపు నొస్తుంది, పని మీద విసుగు పుడుతుంది.

కుడిచేతి వాటం వారికి కిటికీ ఎడమ పక్కన వుండడం మంచిది. లేకపోతే సొంత చేయి నీడే గీత మీద పడుతుంది. రాత్రి దీపానికీ ఇదే సూత్రం.

ఒకే గది ఇల్లయితే ఎలా? అందుకూ మార్గముంది. రెండడుగుల పలక ఒకటి తీసుకుని, చుట్టూ అంగుళం ఎత్తు అంచు కొట్టించాలి. భోజనాల వేళ ఆ పలకను సగం పనితో సహా ఎత్తి మంచం కిందకు తోసేయవచ్చు. మరునాడు తీస్తే ఎక్కడి ముక్క అక్కడే వుంటుంది.

కంసాలి చెప్పే పాఠం

చిన్న వస్తువును కోయడం ఎలాగో కంసాలి దగ్గర చూడాలి. ఆయన పని చేసే చోట బల్ల అంచు నుంచి ముందుకు చొచ్చుకు వచ్చిన చెక్క ముక్క వుంటుంది. అంగుళం మందం చెక్కకు మూడంగుళాల లోతున కోణంలా గాడి తీసి, బల్ల అంచుకు క్లాంపుతో బిగిస్తే ఇంట్లోనూ అది సిద్ధం. వస్తువును గాడికి రెండు వైపులా ఆనించి, మధ్యలో సన్న రంపం ఆడిస్తే ముక్క అదరదు. ఆ రంపపు బ్లేడు పళ్ళు కిందికి చూసేలా బిగించాలి. బల్ల అంచు నుంచి ఒడిలోకి పాత గుడ్డ కట్టుకుంటే రాలిన చిన్న ముక్కలు నేల మీద వెతుక్కునే పని వుండదు.

పనిముట్లు కొన్నే చాలు

ఒకేసారి పెట్టెడు సామాను కొననక్కర లేదు. ఒక అడుగు ఉక్కు స్కేలు, మూలమట్టం, కట్టర్, సన్న రంపం, రెండు మూడు చిన్న ఆకురాళ్ళు, పట్టుకారు, చిన్న వైసు, ఎమరీ కాగితం – ఇవి మొదటి ఏడాదికి సరిపోతాయి. కోతకు ప్లాస్టిక్ స్కేలు వాడరాదు. బ్లేడు దాని అంచునే తినేస్తుంది. మందం అట్టను ఒక్క దెబ్బకు కోయాలని చూడరాదు. తేలికగా నాలుగైదు సార్లు గీస్తే కోత సూటిగా వస్తుంది, వేలూ భద్రంగా వుంటుంది.

ప్రతి పనిముట్టుకూ గోడ మీద ఒక మేకు కొట్టి, దాని ఆకారం పెన్సిలుతో గీసి వుంచితే ఏది కనబడకపోయినా వెంటనే తెలుస్తుంది. ఆడపిల్లకు కత్తెర, మగపిల్లాడికి సుత్తి అనే భేదం ఈ బల్ల దగ్గర పనికిరాదు.

మన ఊళ్ళో దొరికేవి

కుప్పం ప్రాంతం గ్రానైటుకు పేరుపడింది. పాలిష్ చేసిన రాయిలో అడుగు చదరం ముక్క దొరికితే అదృష్టమే. అంత చదునైన తలం ఇంట్లో మరొకటి వుండదు. దాని మీద నిలబెట్టి అతికిస్తే గోడలు వంకర పోవు. దాని మీద ఎమరీ కాగితం పరచి రుద్దితే చెక్క అంచు సమంగా వస్తుంది. కాకపోతే రాతి మీద కోత కోయరాదు, బ్లేడు మొద్దుబారుతుంది. కోతకు మందపాటి అట్ట వేసుకోవాలి.

చింతచెట్లకు మనకు కొదవ లేదు. కొండపల్లి బొమ్మల పనివారు తెల్లపొణికి కొయ్యతో చేసిన బొమ్మల అతుకులకు వాడే ‘మక్కు’ చింతపిక్కల పొడి, రంపపు పొట్టు కలిపి చేసేదే. వేయించి పొట్టు తీసిన పిక్కలను పొడి చేసి, నీళ్ళతో ఉడికించి, జల్లించిన రంపపు పొట్టుతో పిసికితే ముద్ద సిద్ధం. పగుళ్ళు పూడ్చడానికి, చిన్న ఆకారాలు మలచడానికి ఇది బాగా పనికివస్తుంది. పండ్ల పెట్టెల పలుచని చెక్క, వెదురు పుల్లలు, సైకిలు ఆకులు – ఇవన్నీ ముడిసరుకే.

కొలత తప్పితే బొమ్మే

నమూనాకూ బొమ్మకూ తేడా కొలతలో వుంది. అన్ని వైపులా ఒకే పాళ్ళలో తగ్గిస్తేనే అది నమూనా అవుతుంది. మన మేస్త్రీలు ఇంకా అడుగుల్లోనే మాట్లాడుతారు కనుక అడుగుకు పావు అంగుళం లెక్క పిల్లలకు సులువు. అంటే 48వ వంతు. 30 అడుగులు, 20 అడుగుల ఇల్లు ఏడున్నర అంగుళాలు, అయిదంగుళాలుగా మారుతుంది. తొమ్మిదంగుళాల గోడ దాదాపు 5 మిల్లీమీటర్లవుతుంది. అంగడిలో దొరికే 5 మిల్లీమీటర్ల ఫోమ్ బోర్డు సరిగ్గా సరిపోతుంది.

పుంగనూరు పిల్లలకు మరో లెక్క. పొట్టిదనానికి పేరు పొందిన పుంగనూరు ఆవు ఎత్తు సుమారు 70 నుంచి 90 సెంటీమీటర్లు. పదో వంతు చేస్తే 7 నుంచి 9 సెంటీమీటర్లు. అదే లెక్కన అయిదడుగుల ఒంగోలు గిత్త 15 సెంటీమీటర్లు వస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెడితే స్కేలు అంటే ఏమిటో వేరే చెప్పనక్కర లేదు.

కుప్పం మీదుగా బెంగళూరు–జోలార్‌పేట రైళ్ళు తిరుగుతాయి. రైలు నమూనాలకు ప్రపంచమంతటా వాడుకలో వున్న హెచ్.ఓ. స్కేలు 87వ వంతు. దాని కోసం అమ్మే పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. ఇది 1,435 మిల్లీమీటర్ల విదేశీ గేజికి సరిపోయే లెక్క. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు కనుక 19.3 మిల్లీమీటర్లు రావాలి. కొన్న పట్టాలు మన రైలుకు ఇరుకే అవుతాయి! ఈ సంగతి సొంతంగా లెక్కకట్టిన పిల్లలకే తెలుస్తుంది.

మదనపల్లె వారికి హార్స్‌లీ హిల్స్ వుండనే వుంది. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 మ్యాపులో ప్రతి 20 మీటర్ల ఎత్తుకూ ఒక గీత వుంటుంది. గీత విడిచి గీత తీసుకుని, 2 మిల్లీమీటర్ల అట్టను ఆ ఆకారంలో కోసి పేర్చాలి. 700 మీటర్ల నుంచి 1,260 మీటర్ల దాకా 14 పొరలు, మొత్తం 28 మిల్లీమీటర్లు. అసలు లెక్క ప్రకారం కొండ 11 మిల్లీమీటర్లే వుండాలి. కంటికి ఆనడానికి ఎత్తును రెండున్నర రెట్లు పెంచామని నమూనా పక్కన రాసి పెట్టడం నిజాయితీ.

జాగ్రత్తలు

కత్తి కదిలే దారిలో రెండో చేయి వుండరాదు. విరిగిన బ్లేడు ముక్కలను మూత వున్న డబ్బాలో వేయాలి. త్వరగా అతుక్కునే ఫెవిక్విక్ లాంటి బంక నూలు గుడ్డ మీద ఒలికితే వేడి పుట్టి చర్మం కాలుతుంది. వేడి తీగతో థర్మోకోల్ కోసేటప్పుడు వచ్చే పొగ పీల్చరాదు, కిటికీలు తెరిచే వుంచాలి. రంగులు, థిన్నర్లు పొయ్యి వున్న గదిలో వుంచరాదు. చిన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు వున్న ఇంట్లో పదును వస్తువులకు తాళం తప్పనిసరి.

అన్నిటికంటే కష్టమైన జాగ్రత్త పెద్దలదే. పక్కన కూర్చోవాలి, కత్తి మాత్రం లాక్కోరాదు. మొదటి ఇల్లు వంకరగా వస్తుంది, తలుపు మూసుకోదు. ఎందుకు మూసుకోలేదో బిడ్డే కనుక్కోవాలి. రెండోసారి కోతకు ముందు మరోసారి కొలుస్తాడు. ఆ రెండో కొలత ఏ దుకాణంలోనూ దొరకదు. ప్రదర్శన తేదీ వచ్చేదాకా ఆగకుండా, వచ్చే ఆదివారమే పాత తలుపు చెక్క ఒకటి కిందికి దించితే మంచిది.