పాట ఎత్తితే అందుకునేవాళ్లుండాలి

మెదక్ దగ్గరి మా ఊరి చర్చిలో పాట ఎత్తేది నేను. ఆరాధన ఫోన్లో వస్తోంది కదా, మనిషి వెళ్లి కూర్చోవాల్సిన అవసరమేముందని ఈమధ్య చదువుకున్న పిల్లలు అడుగుతున్నారు. అడగదగ్గ ప్రశ్నే. విశ్వాసులు కూడుకోవడం మానకూడదని హెబ్రీ పత్రిక పదో అధ్యాయం హెచ్చరిస్తుంది. ఎందుకు మానకూడదో నాకు బోధపడింది మాత్రం పాట వల్లే.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే చాలా కీర్తనల పైన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. కింద సాహిత్యం. అంతే. బాణీ ఎలా ఉంటుందో పక్కన కూర్చున్నవాళ్ల నోట వినాల్సిందే. పంతొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌధరి లాంటి భక్తులు మన రాగాల్లో కట్టిన కీర్తనలు అలా విని విని ఇంతదూరం వచ్చాయి. నేను పల్లవి ఎత్తగానే చాపల మీద ఇటు ఆడవాళ్లు, అటు మగవాళ్లు అందుకుంటారు. డోలక్ వాయించే అబ్బాయి మొదటి చరణం దాకా నా వంకే చూస్తుంటాడు. నేను తల ఊపాక గానీ నడక పెంచడు. మా మేనత్తకు అక్షరం ముక్క రాదు. అయినా ఏ చరణం తర్వాత ఏది వస్తుందో పుస్తకం పట్టుకున్నవాళ్ల కన్నా ముందు ఆమే అందుకుంటుంది. కొత్త కోడళ్లు ఆమె పక్కన చేరి, పెదాల కదలిక చూస్తూ నేర్చుకుంటారు.

2020 మార్చిలో కరోనా వల్ల లాక్‌డౌన్ వచ్చింది. ఏప్రిల్ 12న ఈస్టర్ కూడా ఇళ్లలోనే జరుపుకున్నాం. మా పాస్టర్ అయ్యగారు జూమ్‌లో ఆరాధన పెట్టారు. ప్రసంగం చక్కగా వినిపించింది, ప్రార్థనా సాగింది. పాటే కుదరలేదు. ఫోన్లో గొంతు ఒక్కో ఇంటికి ఒక్కోలా కాస్త ఆలస్యంగా చేరుతుంది. అందరూ మైకు తెరిచి పాడితే తాళం చెల్లాచెదరు. చివరికి నేనొక్కదాన్నే పాడాను. మిగతావాళ్లు మైకు మూసుకుని పాడారో లేదో నాకు తెలియదు. జూన్ 8 నుంచి ప్రార్థనా స్థలాలు తెరవడానికి కేంద్రం ఒప్పుకుంది గానీ, బృందగానం వద్దు, రికార్డు పాటలు పెట్టుకోమంది. జబ్బు నోటి తుంపరలతో పాకేది కనుక ఆ నియమం సబబే. అయితే రికార్డు పాటకు ఎవరి కోసమూ ఆగడం తెలియదు. మేనత్తకు దమ్ము అందకపోతే మేం నడక తగ్గిస్తాం.

కలిసి ఆరాధించాలన్న కోరిక ఎంత గట్టిదో మెదక్ మహాదేవాలయం దగ్గర కనిపిస్తుంది. ఆ పెద్ద చర్చిని చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర కరవు కాలంలో జనానికి పని కల్పిస్తూ కట్టించారు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. నూరేళ్లు దాటినా క్రిస్మస్ తెల్లవారుజాము ఆరాధనకు పల్లెల నుంచి జనం చలిలో పిల్లాపాపలతో వస్తూనే ఉన్నారు. ఇంట్లో టీవీ లేక కాదు కదా!

కూడుకుంటే తెలిసేది ఇంకొకటుంది. ఎవరు రాలేదో తెలుస్తుంది. ఆరాధన అయ్యాక ఒకరికొకరం వందనాలు చెప్పుకుంటుంటే, ఒక ఆదివారం మేనత్త చోటు ఖాళీగా కనబడింది. మా సంఘంలోని ఆడవాళ్ల బృందం, స్త్రీల మైత్రి వాళ్లం నేరుగా ఆమె ఇంటికి వెళ్లాం. మోకాళ్ల వాపుతో మంచంలో ఉంది, పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. ఒకరు పొయ్యి వెలిగించి జావ కాచారు. సాయంత్రం అయ్యగారు ఆ మంచం పక్కకే ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం తెచ్చి ఇచ్చారు. ఫోన్లో పేర్ల వరసలో ఒక పేరు తగ్గితే ఎవరు గమనిస్తారు?

మంచం పట్టినవాళ్లకు, దూరదేశాల్లో ఒంటరిగా ఉన్నవాళ్లకు ఫోన్ ఆరాధన మేలే, అది ఆపమని నేననను. అయితే వాళ్ల గడప సంఘం కూడా తొక్కాలి. కాళ్లూ చేతులూ బాగున్నవాళ్లకు మాత్రం అది సరిపోదు. ఆదివారం ఆరాధనకు ఓ అరగంట ముందే రండి. పాట రాకపోయినా ఫర్వాలేదు, కూర్చోబెట్టి నేర్పిస్తాం.