ఒక చంకలో బుజ్జిది... ఎదురుగా సింగపూర్!

సినిమాలో విదేశం వెళ్లడం ఎంత సులువో గమనించారా? ఇక్కడ హీరో హీరోయిన్ చెయ్యి పట్టుకుంటాడు. కట్ చేస్తే అక్కడ విమానం చక్రాలు నేలకి తగులుతాయి. ఇంకో కట్... హీరోయిన్ చీర మారిపోతుంది, వెనకాల ఫౌంటెన్ లేస్తుంది! పాస్‌పోర్టు ఎవరు తీశారు, పెట్టె ఎవరు మోశారు అని మనం అడగం. అసలు సంగతి ఏమిటంటే, ఆ డ్యూయెట్లలో ఎవరి చంకలోనూ ఏడాదిన్నర పిల్ల ఉండదు.

మా చంకలో ఉంది!

మాది జంగారెడ్డిగూడెం. 2022లో జిల్లాలు మారాక కాగితాల మీద ఏలూరు జిల్లా అయింది గానీ, ఎవరైనా అడిగితే మాత్రం నోటికి 'పశ్చిమగోదావరండీ' అనే వస్తుంది. పొగాకు వేలం, ఆయిల్‌పామ్ తోటలు, గురవాయిగూడెం మద్ది ఆంజనేయస్వామి... ఇవీ మా గొప్పలు. ఊరికి రైలు లేదు. అలాంటి ఊరి నించి 2024 డిసెంబరులో నేనూ, మా ఆవిడా, నాలుగేళ్ల మావాడూ, ఏడాదిన్నర బుజ్జిదీ సింగపూర్ వెళ్లి పదిరోజులుండి వచ్చాం.

దీనికి కారకులు ఇద్దరు. ఒకరు మా చెల్లెలు. రెండోవారు కమల్‌హాసన్!

నవ్వకండి. 1979లో బాలచందర్ 'అందమైన అనుభవం' తీశారు. తమిళంలో 'నినైత్తాలే ఇనిక్కుం'. కమల్, రజనీకాంత్, జయప్రద... ఎమ్మెస్ విశ్వనాథన్ పాటలు... సింగపూర్‌లో షూటింగు. అప్పుడు మా నాన్నకి మీసాలు వస్తున్నాయట. ఎన్నిసార్లు చూశారో ఆయనకే లెక్క లేదు. "ఆ జయప్రద ఎవరనుకున్నావ్? మన రాజమండ్రి పిల్లరా! మన పిల్ల అక్కడ నడిచిందంటే మనం నడిచినట్టు కాదూ?" ఇదీ ఆయన లాజిక్కు. మా ఇంట్లో సింగపూర్ అంటే దేశం కాదు, నాన్నగారి సొంత సినిమా.

ఇక మా చెల్లెలు. పెళ్లయ్యి ఆరేళ్లుగా అక్కడే. మూడేళ్లుగా ఇంటికి రావడం కుదరలేదు. బుజ్జిదాన్ని ఫోన్‌లో తప్ప చూడలేదు. ఇంట్లో ఎవరైనా 'అత్తేదిరా?' అంటే మావాడు టక్కున ఫోన్ తెచ్చి చేతిలో పెట్టేవాడు. వాడి దృష్టిలో అత్త అంటే ఫోన్‌లో కాపురం ఉండే మనిషి. మొదట్లో అందరం నవ్వాం. ఓ రోజు అటు ఫోన్‌లో అదే మాట విని మా చెల్లెలు నవ్వలేదు. లైను కట్ అయింది. నెట్‌వర్కు అనుకున్నాం. కాదని మా అమ్మ కనిపెట్టింది.

టిక్కెట్లు కొన్నది ఆ వారంలోనే.

కళ్లు తెరవవే తల్లీ!

ఊళ్లో ఒక్కళ్లూ మంచిమాట అనలేదండీ. "పసిదానికేం గుర్తుంటుంది? పెద్దయ్యాక వెళ్లొచ్చుగా" అని బోసుబొమ్మ సెంటర్లో టీ తాగేవాళ్లు కూడా సలహా ఇచ్చారు. వాళ్లన్నదీ అబద్ధం కాదు. మూడేళ్లలోపు సంగతులు పెద్దయ్యాక గుర్తుండవని మనస్తత్వ శాస్త్రం చదివినవాళ్లే చెప్తారు. మీకు మీ ఏడాదిన్నర వయసు గుర్తుందా? నాకూ లేదు. కానీ జేబు మాట వేరు. రెండేళ్లు నిండని పిల్లకి విమానంలో విడిగా సీటు కొనక్కర్లేదు, ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. ఛార్జీ నామమాత్రం. రెండు నిండాయా... సీటు కొనాల్సిందే!

ఒకప్పుడు పిల్లల పేర్లు తల్లిదండ్రుల పాస్‌పోర్టులో రాసేవారట. ఇప్పుడు పొత్తిళ్లలో బిడ్డకైనా విడిగా పాస్‌పోర్టు ఉండాలి. విడిగా వీసా ఉండాలి. విజయవాడ పాస్‌పోర్టు సేవాకేంద్రానికి వెళ్లాం. తల్లీతండ్రీ ఇద్దరూ ఒప్పుకుంటున్నట్టు అనుబంధం 'డి' మీద సంతకాలు. ఎనిమిదేళ్లలోపు వాళ్లకి రుసుములో పదిశాతం తగ్గింపు కూడా ఉంది. ఇదంతా సజావుగానే జరిగింది.

ఫొటో దగ్గర వచ్చింది తంటా! నాలుగేళ్లలోపు పిల్లలకి ఫొటో మనమే తీసుకెళ్లాలి. తెల్లటి వెనకతెర, కళ్లు తెరిచి ఉండాలి, నోరు మూసి ఉండాలి. మా బుజ్జిది కళ్లు తెరిస్తే నోరు తెరుస్తుంది, నోరు మూస్తే కళ్లు మూస్తుంది. స్టూడియో అబ్బాయి గిలక్కాయ ఊపాడు, కోడిలా కూశాడు, చివరికి నేను గోడ పక్కన నిలబడి కోతిచేష్టలు చేస్తే ఒక్క ఫ్రేము దొరికింది. ఎన్ని టేకులో అడక్కండి. బాలచందర్‌గారు కూడా ప్యాకప్ చెప్పేసేవారు!

ఇంతా చేస్తే పిల్లల పాస్‌పోర్టు అయిదేళ్లే చెల్లుతుంది. ఆ ఫొటోలో మొహం అంతకంటే ముందే మారిపోతుంది.

ఆకాశంలో ఏడుపు సీను

కొయ్యలగూడెం మీదుగా రాజమండ్రికి బస్సు. అక్కణ్ణించి రైల్లో విశాఖ. విశాఖ నించి నేరుగా సింగపూర్‌కి రాత్రి విమానం, సుమారు నాలుగు గంటలు. నిద్రలోనే దిగిపోతాం కదా అని నా ప్లాను. ప్లాన్లన్నీ పిల్లలు పుట్టనివాళ్లు వేసుకోవాలి.

భద్రతా తనిఖీలో నీళ్లసీసా తీయించారు గానీ పాలసీసా జోలికి రాలేదు. పసిబిడ్డ పాలకి నూరు మిల్లీలీటర్ల హద్దు వర్తించదు, అడిగితే చూపించాలి అంతే. ఎక్కగానే పాలు పట్టేశాం, బుజ్జిది నిద్రపోయింది. నేను కాలర్ ఎగరేశాను. అక్కడే తప్పులో కాలేశాను! చెవులకి అసలు పరీక్ష విమానం దిగేటప్పుడు. బయట గాలి ఒత్తిడి పెరుగుతుంటే చెవి లోపలి ఒత్తిడి దాంతో సమానం కావాలి. మనం గుటక వేస్తే చెవినీ గొంతునీ కలిపే సన్నటి గొట్టం తెరుచుకుని సర్దుకుంటుంది. పసిపిల్లల్లో ఆ గొట్టం మరీ సన్నం. నిద్రలో గుటకలు తక్కువ. దిగడానికి అరగంట ముందు బుజ్జిది లేచి పెట్టిన కేక... అబ్బో! ముందు సీటు పెద్దాయన ఉలిక్కిపడ్డారు. పట్టడానికి పాలు లేవు, అన్నీ ముందే పట్టేశాం. చివరికి విమానంలో అమ్మాయి గోరువెచ్చటి నీళ్లు తెచ్చిస్తే చెంచాతో గుటక గుటకా పట్టాం. మీ ఇంట్లో పసివాళ్లతో ఎవరైనా ప్రయాణం కడితే ఈ ఒక్కమాట చెప్పండి... పాలు దిగేటప్పటికి దాచుకోమని!

తెల్లారుతుండగా బయటికొచ్చాం. రెయిలింగు అవతల మా చెల్లెలు, బావ. మావాడు నా చొక్కా పట్టుకుని వెనక్కి నక్కాడు. అది మోకాళ్ల మీద కూర్చుని చేతులు చాచింది. వాడు మెల్లగా వెళ్లి వేలితో దాని బుగ్గ పొడిచి చూశాడు. మెత్తగా ఉంది. ఇంకోసారి పొడిచాడు. "అత్త బయటికొచ్చింది నాన్నా!" అన్నాడు.

నేను సామాన్లు లెక్కపెట్టుకునే వంకతో అటు తిరిగాను.

జంతిక తెచ్చిన చిక్కు

సింగపూర్‌లో పదిమందిలో దాదాపు ఎనిమిది మంది ప్రభుత్వం కట్టించిన ఫ్లాట్లలోనే ఉంటారు. మా చెల్లెలిదీ అదే. కింద పిల్లలు ఆడుకునే స్థలం. అక్కడ మావాడికి చైనా కుర్రాడొకడు, మలయ్ పిల్ల ఒకర్తీ జతయ్యారు. వాళ్లకి తెలుగు రాదు, వీడికి తెలుగు తప్ప రాదు. అయినా సాయంత్రమంతా ఆడారు. ఏం మాట్లాడుకున్నార్రా అంటే "జారుబల్ల" అన్నాడు.

అక్కడి మెట్రో రైలుకి అర టిక్కెట్ తగువు లేదు. తొంభై సెంటీమీటర్ల లోపు ఎత్తున్న పిల్లలకి ఉచితం. వయసు కాదు, ఎత్తు! మావాడు కొలతకి మించాడు కాబట్టి ఏడేళ్లలోపు పిల్లలకిచ్చే కార్డు తీసుకున్నాం. ఆ రోజు నించి వాడికి కనపడ్డ ప్రతి స్తంభం పక్కనా నిటారుగా నిలబడ్డం అలవాటైంది.

రెండోనాడే రైల్లో నా గుండె గుభేలుమంది. మా అమ్మ కట్టిచ్చిన జంతికల పొట్లం విప్పాడు మావాడు. ఓ జంతిక నోట్లోకి వెళ్తోంది. మా చెల్లెలు ఒక్క గెంతు గెంతి వాడి చెయ్యి పట్టుకుంది. "అన్నయ్యా! ఇక్కడ రైల్లో తినకూడదు. అయిదొందల డాలర్ల దాకా జరిమానా!" అది మా అమ్మ జీవితంలో చేసిన జంతికలన్నింటి ఖరీదు. ఆకలన్న పిల్లాణ్ణి పావుగంట ఎలా ఆపాలి? రజనీకాంత్ సిగరెట్టు ఎగరేసినట్టు జంతిక ఎగరేసి పట్టుకోవడం చూపించాడు మా బావ. స్టేషన్ వచ్చేసింది. అన్నట్టు, తోపుడుబండి వెనకాల పెట్టుకుని మెట్లెక్కే పని ఎక్కడా పడలేదు. ప్రతి స్టేషన్లోనూ లిఫ్టు ఉంది. ఇది మాత్రం మనవాళ్లు చూసి నేర్చుకోవాలి.

జూకి వెళ్లాం. 1973లో తెరిచింది. తెల్లపులిని చూపిస్తే మావాడు చెత్తడబ్బా దగ్గర గోరింకని చూస్తున్నాడు. "ఇది మన ఊరి గోరింక కదా... ఎప్పుడొచ్చింది?" టిక్కెట్టు డబ్బులు తల్చుకుని నేను పులి వైపే చూస్తూ నిలబడ్డాను, ఒక్కడి కిట్టుబాటైనా చేద్దామని!

నాలుగో రాత్రి

ఇంతదాకా కామెడీ. నాలుగో రోజు వానలో తడిశాం. రాత్రి రెండింటికి మా ఆవిడ నన్ను లేపింది. బుజ్జిది కాలిపోతోంది. నూట రెండు.

మా ఊళ్లో అయితే ఏం చెయ్యాలో తెలుసు. ఏ డాక్టరు తలుపు తట్టాలో తెలుసు, ఆయనకి దాని పుట్టువెంట్రుకల నాటి నించీ తెలుసు. ఇక్కడ కిటికీలోంచి చూస్తే వందల దీపాలు, అందులో ఒక్కటీ మనది కాదు. పిల్ల ఏడిస్తే భయపడతాం గానీ, ఆ రాత్రి అది ఏడవడం మానేసింది... అది ఇంకా భయం. 'ఎవరన్న మాటా వినలేదు కదరా, ఏ సరదాకి తెచ్చావు దీన్ని?' అని నన్ను నేనే తిట్టుకున్నాను. పక్కగదిలో చెల్లెలు ఏడుస్తోంది, తన కోసమే వచ్చామని.

మా ఆవిడ మాత్రం ఎవర్నీ తిట్టలేదు. ఊళ్లో మా డాక్టరు రాసిచ్చిన జ్వరం మందు తీసింది. ఆ మోతాదు వయసుని బట్టి కాదు, బరువుని బట్టి. బయల్దేరే ముందు పిల్లని తూయించి చీటీ సీసాకే అంటించి పెట్టుకుంది. మందు వేసి, "పదండి" అంది.

రాత్రంతా తెరిచి ఉండే క్లినిక్కుకి వెళ్లాం. చైనా డాక్టరమ్మ. మొదటి ప్రశ్నే... టీకాలు వేయించారా, తట్టుకి వేశారా? నేను నీళ్లు నమిలాను. మా ఆవిడ సంచీలోంచి మడతలు పడ్డ తల్లీబిడ్డ కార్డు తీసి బల్ల మీద పెట్టింది. మా ఊళ్లో నర్సమ్మ రాసిచ్చిన కార్డు. అంతా తెలుగు! డాక్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది. మా చెల్లెలు కళ్లు తుడుచుకుని వేలు పెట్టి ఒక్కో గడీ చదివి ఇంగ్లీషులో చెప్పింది... తొమ్మిదో నెల తట్టు-రుబెల్లా మొదటి డోసు, పదహారో నెల రెండోది. డాక్టరమ్మ తలూపి, గొంతూ చెవులూ చూసి, మామూలు వైరల్ జ్వరం అంది. నీళ్లు బాగా పట్టండి, ఉచ్చ పోస్తోందో లేదో గమనించండి, మూడు రోజులకి తగ్గకపోతే డెంగీ పరీక్ష చేద్దాం అంది. అక్కడా దోమలున్నాయి మరి!

బిల్లు చూసి రూపాయల్లోకి మార్చేసరికి నాకు జ్వరం వచ్చింది. ప్రయాణ బీమా మా ఆవిడ తీసుకుంటానంటే 'పదిరోజులకి బీమా ఏంటే, దండగ' అని వెక్కిరించినవాణ్ణి నేనే. ఆ దండగే తర్వాత రసీదులు పంపితే ఖర్చు తిరిగిచ్చింది.

మూడోనాటికి చల్లబడింది. పొద్దున్నే లేచి "అత్త" అంది. అదే మొదటిసారి ఆ మాట అనడం. మా చెల్లెలు ఆ పూట ఆఫీసుకి వెళ్లలేదు.

చివరిరోజు నాన్నగారి కోరిక తీర్చాం. నీళ్లొడ్డున మెర్‌లయన్ బొమ్మ... సింహం తల, చేప ఒళ్లు, ఎనిమిదిన్నర మీటర్ల పైచిలుకు ఎత్తు, 1972 నించీ ఉంది. అక్కడ నలుగురం నిలబడి ఫొటో. బుజ్జిది నిద్ర. మావాడు తలెత్తి, నోట్లోంచి పడుతున్న నీళ్లధార చూసి, "దీనికీ జ్వరమా నాన్నా, వాంతి చేసుకుంటోంది" అన్నాడు.

ఆ ఫొటో ఇప్పుడు మా ఇంట్లో టీవీ పక్కనుంది. నాన్న కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "జయప్రద నడిచింది ఇటేనంటావా?" అని అడిగారు. ఇటే అన్నాను.

ఇంకో ముచ్చట మిగిలింది. తిరుగు ప్రయాణంలో రాజమండ్రిలో జంగారెడ్డిగూడెం బస్సు ఎక్కాం. కండక్టరు మావాణ్ణి ఎగాదిగా చూసి, "ఏవండే, బాబుకి అయిదు నిండలేదంటారా? అర టిక్కెట్ కొట్టేయమంటారా?" అన్నాడు. లేదండీ, నాలుగే అన్నాను. నమ్మినట్టు లేడు. మావాడు చటుక్కున సీట్లోంచి దిగి, కమ్మీకి వీపానించి నిటారుగా నిలబడి, "కొలువు!" అన్నాడు.